పలికే చెయ్యి

దొర్నిపాడు పెద్దాయన్ని మూర్ఖుడన్న డాక్టరు మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మా అమ్మను డయాలసిస్‌కు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల తీసుకుపోయే రోజుల్లో ఆయనది పక్క మంచం. మిషన్ సూదులు గుచ్చడానికి వీలుగా ఆయన ఎడమ చేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ రక్తం గుయ్యిమంటూ పారేది. మంచమెక్కే ముందు ఆ చేతిని చెవికి ఆనించుకుని, "పలుకుతాండాది" అనేవాడు. ఆ తర్వాతే పడుకునేవాడు. అది మూగబోతే డయాలసిస్ ఆగిపోతుందని ఆయన భయం.

ఒకరోజు డాక్టరు వచ్చి, రక్తం ద్వారా అంటుకునే కామెర్లు రాకుండా టీకా వేయించుకోమన్నాడు.

"ఆ సూదికి నా చెయ్యి పలకడం మానేస్తే ఎట్ల సార్?" అని అడిగాడు పెద్దాయన.

డాక్టరు నవ్వాడు. "ఈ మూర్ఖులతో, వీళ్ల మూఢనమ్మకాలతో వేగలేం" అని అందరికీ వినబడేలా అంటూ వెళ్లిపోయాడు. అందులో మూఢనమ్మకం ఎక్కడుంది? తన ప్రాణం నిలిపే చేతి గురించి అడిగాడు. ఆ మాటకు జవాబు చెప్పడానికి అరనిమిషం పట్టదు.

పెద్దాయన టీకా వేయించుకోలేదు. కొన్ని నెలలకు ఆ కామెర్లే వచ్చాయి. మిగతావాళ్లకు అంటకుండా ఆయనను మూలగదిలోని వేరే మిషన్‌కు మార్చారు. నేను పలకరించడానికి పోయినప్పుడు అక్కడి నర్సమ్మ, టీకా ఎందుకు వద్దన్నావని ఆయన్ని అడుగుతోంది. ఆయన చెప్పింది విని, "ఆ చేతికి మేమెందుకు వేస్తాం పెద్దాయనా? టీకా కుడిచేతికే వేస్తాం గదా" అంది.

పెద్దాయన తన కుడిచేతిని కాసేపు చూసుకున్నాడు. తర్వాత దాన్ని పైకెత్తి నాకు చూపించాడు.

"ఈ చెయ్యి ఊరికే ఉండ్య గదప్పా!"