పళ్ళ బండి మీద నీలం మీట

గురువారం సంతలో నా టోఫు బల్లకూ, బ్యన్ జోంగ్‌తే పళ్ళ ట్రక్కు బండికీ మధ్య మూరెడు జాగా ఉండదు. కొరియాలో వొంజు ఊరి అపార్టుమెంట్ల మధ్య వారానికోసారి వేసే సంత మాది. ఏళ్ళ తరబడి అతని నోరు భరించినదాన్ని కనుక చెప్పే హక్కు నాకుంది. ఆ మనిషి అమ్మింది పళ్ళు కాదు, పోట్లాట. ఆడవాళ్ళు అతనితో బేరమాడడానికే దిగి వచ్చేవాళ్ళు. ధర మాత్రం చచ్చినా తగ్గించడు. వాళ్ళను తిట్టి, వాళ్ళచేత తిట్టించుకుని, చివరికి "నా కొంప ముంచావు మామ్మా, పట్టుకెళ్ళు!" అంటూ ఒక పండు కొసరు వేసేవాడు. ఆ అరుపుల్లో నా టోఫు సంగతి ఎవరికీ వినపడేది కాదు.

అలాంటివాడికి గొంతులో కాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు ముందు ఒకరోజు అతను బండి తలుపులు బిగించుకుని పక్కనున్న ఖాళీ సీటును చెడామడా తిడుతుంటే అద్దంలోంచి చూశాను. మతి పోయిందనుకున్నాను. తీరా చూస్తే ఫోన్లో తన మాటల్ని తానే రికార్డు చేసి దాచుకుంటున్నాడు.

కోలుకున్నాక ఇంట్లో మూలపడున్న చిన్న అంకెల కీబోర్డు తీశాడు. పాత లాప్‌టాప్‌కు తగిలించి, ఒక్కో మీటకు ఒక్కో మాట కట్టాడు. మీటల మీద రంగు కాగితాలు అంటించాడు. ఎరుపు నొక్కితే "తేనెలాంటి పళ్ళమ్మా!", పసుపుకి "రుచి చూసి మాట్లాడు", పచ్చకి "ధర తగ్గదు, నువ్వే తగ్గు". కొసరు మాటకు నీలం. మొదట్లో పెద్ద గొడవే అయింది. భార్య గుమ్‌రాన్ లాప్‌టాప్ మీద కరెంటు బిల్లు కట్టబోయి అంకె కొట్టినప్పుడల్లా మొగుడి గొంతు "తేనెలాంటి పళ్ళమ్మా!" అని ఇల్లెగిరేలా అరిచిందట. ఆ కంప్యూటరుకు ఏ కీబోర్డు అంకైనా ఒకటే మరి. చిన్నదాని మాటే వినేలా దాన్ని దారిలో పెట్టేసరికి అతని తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటి గురువారం బండిలోంచి పళ్ళు దించగానే అట్టముక్క మీద రాసి నాకు చూపించాడు. 'ఇవాళ కుదరకపోతే బండి అమ్మేస్తాను.'

"అమ్ముకో. నాకు జాగా కలిసొస్తుంది" అన్నాను. అన్నానే గానీ, నా బల్ల సర్దడం మానేసి అతని మీటల వైపే చూస్తూ నిలబడ్డాను.

ఎరుపు మీట బాగానే పనిచేసింది. ఆ కేక వినగానే జనం మూగారు. చిక్కంతా ఆ తరవాతే. బేరం ఆగదు కదా! అతను మీట వెతికేలోపు మాట మారిపోయేది. ఒకావిడ "మా ఆయన ఆస్పత్రిలో ఉన్నాడయ్యా, మెత్తటి పళ్ళు చూడు" అంటే, కంగారులో "ధర తగ్గదు, నువ్వే తగ్గు" అని నొక్కేశాడు. తడబడి ఇంకోటి నొక్కితే రెండూ కలిసి అరిచాయి. ఆవిడ నొచ్చుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు జాలిగా అడిగినంతా ఇచ్చేసి మారు మాట్లాడకుండా కదిలిపోతున్నారు. జోంగ్‌తే ముఖం పాలిపోయింది. ఆ జాలి చూసి నాకు ఒళ్ళు మండింది. నా బల్ల ముందు నిలబడ్డ ఒక్నమ్ మామ్మను అతని వైపు తోశాను.

"వెళ్ళు మామ్మా, వాడి పని పట్టు."

ఆవిడ పళ్ళు తిరగేసింది. "ఇవేం పళ్ళురా, గోళీకాయలా?"

అతని వేళ్ళు మీటల మీద తచ్చాడాయి.

"ఎంతసేపురా! ఇలా తిప్పు" అంటూ కీబోర్డును తన వైపు తిప్పుకుంది. పచ్చ నొక్కింది. "ధర తగ్గదు, నువ్వే తగ్గు!"

"తగ్గను. డెబ్భై ఏళ్ళుగా తగ్గలేదు, నీ ముందు తగ్గుతానా?" అని దానికే ఎదురు తిరిగింది. తానే నీలం నొక్కింది. "నా కొంప ముంచావు మామ్మా, పట్టుకెళ్ళు!"

"చూశావా, నువ్వే అన్నావు" అంటూ పెద్ద పండొకటి సంచిలో వేసుకుంది.

జోంగ్‌తే ఆవిడ చేతి మీద చిన్న దెబ్బ వేసి, పెద్దది లాక్కుని చిన్నది పెట్టాడు. ఆవిడ గయ్యిమంది. అంతే, జనం మళ్ళీ గుంపు కట్టారు. అందరికీ నీలం మీటే కావాలి. అతను దాన్ని అరచేత్తో మూసేవాడు, వాళ్ళు వేళ్ళు విడదీసేవాళ్ళు. అతని గొంతు సంతంతా మోగింది.

సాయంత్రానికి లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయింది. ఒక్నమ్ మామ్మ కోడలికోసమంటూ మళ్ళీ వచ్చి నీలం నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. జోంగ్‌తే చేతులు దించేశాడు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

మామ్మ గొంతు సవరించుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం అతనిలాగే అరిచింది.

"నా కొంప ముంచావు మామ్మా, పట్టుకెళ్ళు!"

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఊరుకుంటారా? "ధర తగ్గదు, నువ్వే తగ్గు!" అని ఆవిడ మీద పడ్డారు. జోంగ్‌తే పొట్ట పట్టుకుని శబ్దం లేకుండా నవ్వాడు. నవ్వుతూనే పొద్దున రాసిన అట్టముక్క చింపి, మామ్మ పళ్ళు నలగకుండా సంచి అడుగున పరిచాడు.