ఆస్పత్రి వరండాలో బస్సు

నెలలు నిండి పది రోజులైనా నొప్పుల జాడ లేకపోవడంతో, బట్టలు కుట్టే ఒకావిడను డాక్టరమ్మ ఆస్పత్రిలో చేర్చుకుంది. పొద్దున్నే నొప్పులు రావడానికి మాత్ర ఇచ్చారు. మధ్యాహ్నానికల్లా బిడ్డ చేతికొస్తుందనుకుంది ఆవిడ. పది గంటలు దాటినా నొప్పులు మొదలవకపోయేసరికి, తన ఒంట్లోనే ఏదో లోపముందని బెంగపడింది. బస్సు డ్రైవరైన ఆమె మొగుడు అప్పటికే నాలుగోసారి నర్సును అడిగాడు, "ఇంకెంతసేపు సిస్టర్?" అని.

"ఇది మీ బస్సు కాదు బాబూ, టైముకి రావడానికి. ముందు గర్భసంచి ముఖద్వారం మెత్తబడాలి. అప్పటికీ నొప్పులు అందుకోకపోతే సెలైన్‌లో మందు ఎక్కిస్తాం. తొలికాన్పు కదా, రేపటిదాకా పట్టొచ్చు" అంది నర్సు.

ఆ మాటతో ఆవిడ మనసు తేలికపడింది. కొత్త గుడ్డను తడిపి ఆరబెట్టాకే కదా తను కత్తెర పట్టేది.

"కాలుగాలిన పిల్లిలా తిరిగే బదులు నన్ను నడిపించవయ్యా" అంది మొగుడితో.

అతను చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించాడు. ఒక్కో గది తలుపు దగ్గర ఆగి, "స్టాపొచ్చింది, దిగేవాళ్లు దిగండి" అన్నాడు. పక్క గదుల్లోంచి మరో ఇద్దరు నిండు చూలాళ్లు నవ్వుకుంటూ వెనకాల చేరారు. సాయంత్రందాకా ఆ బస్సు తిరుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున సెలైన్ పెట్టాక నొప్పులు అందుకున్నాయి. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. తల్లి గుండెల మీద పడుకోబెట్టగానే పాప ఏడుపు ఆపింది. వాళ్ల నాన్న మాత్రం ఆపలేదు.