గెడ్డ అవతలి వార్డు

మొన్న శుక్రవారం ఆఫీసు నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. జ్ఞానాపురం వైపు రైలుకట్ట కింద పిక్కల్లోతు నీళ్లు నిలిచిపోయాయి. ఆటోలన్నీ వెనక్కి తిరిగిపోతున్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, దిగాలా వద్దా అని చాలాసేపు నిలబడ్డాను. ఏ పనికైనా ముందు చాలాసేపు నిలబడటం నా అలవాటు. నా పక్కన ఖాళీ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని జాలరిపేట మనిషి ఒకావిడ ఉంది. నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా అలగ సూత్తన్నావ్? నీల్లు నీ మొకం సూసి తగ్గుతాయేటి? రా, నా సెయ్యి అట్టుకో" అంది. పట్టుకున్నాను. అవతలికి చేరగానే ఆవిడ నా చెయ్యి వదిలేసి, వెనక్కి చూడకుండా తన దారిన తాను పోయింది. ఇంటికొచ్చి తల తుడుచుకుని డైరీ తెరిచాను. ఆవిడ గురించి రాద్దామనే కూర్చున్నాను కానీ, రెండో వాక్యానికే అత్త వచ్చేసింది. ఇక మిగిలిన పేజీలన్నీ అత్తే.

అత్త అంటే నాన్నకు అప్ప, మా మేనత్త. పద్మనాభం మండలంలో ఒక చిన్న శివారు ఊళ్లో ఉండేది. నాన్నకు పోర్టులో పని కాబట్టి మేం సిటీలో ఉండేవాళ్లం. కానీ నా చదువు రోజుల్లో సెలవంటూ వస్తే నన్ను అక్కడే దింపేవారు. నేను మాట తక్కువ పిల్లని. సిటీలో అదొక జబ్బులాగా చూసేవారు. అత్త దగ్గర మాత్రం అదే సుఖం, ఎందుకంటే ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేది. ప్రశ్న ఆవిడే వేసి, నా తరఫున జవాబు ఆవిడే చెప్పి, ఆ జవాబు నచ్చక నన్నే కోప్పడేది. నేను జీడితోట నీడలో లైబ్రరీ పుస్తకం తెరుచుకుని, వింటున్నట్టు తలూపుతూ ఉండేదాన్ని.

ఆ ఊరి నైసర్గిక స్వరూపం గురించి కొంచెం చెప్పాలి. ఒకటే పంచాయతీ, కానీ రెండు ఊళ్లు. బస్సు ఆగేదీ, బడీ, రేషను దుకాణమూ, పసుపు రంగు వేసిన పంచాయతీ ఆఫీసూ ఉన్నది పెద్దూరు. పొలాలకు అడ్డం పడి కాస్త దూరం నడిస్తే వచ్చేది మా శివారు. దాని వెనక కొండ, కొండకీ ఊరికీ మధ్య గెడ్డ. కొండ మీద పడ్డ వాన నీళ్లు ఆ గెడ్డలోంచే కిందికి పోయేవి. ఆ గెడ్డే మా పంచాయతీకి హద్దు, అవతల పక్క పంచాయతీ. నా చిన్నప్పుడు వచ్చిన పెద్ద తుఫానుకి ఆ గెడ్డ గట్టు తెంచుకుని, ఊరి వెనక నుంచి ఊరి ముందుకొచ్చి, పెద్దూరికీ శివారుకీ మధ్య కొత్త దారి చేసుకుంది. పాత దారికి మళ్లీ వెళ్లనే లేదు. అలా ఒక్క వానాకాలంలో, ఎక్కడివాళ్లు అక్కడే ఉండి, శివారు జనం గెడ్డ అవతలి వాళ్లయిపోయారు. పక్క పంచాయతీ వాళ్లని అడిగితే "మీ ఓట్లు అక్కడ కదా, మేమేటి సెయ్యగలం?" అనేవారు. మా పంచాయతీ వాళ్లని అడిగితే "గెడ్డ దాటి మేం రావాలి కదా?" అనేవారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నట్టే ఉండేది. శివారుకి మాత్రం దారి లేదు. ఎండాకాలం ఇసక మీద నడిచి వెళ్లేవారు. వానలొస్తే పిల్లలకు బడి ఉండేది కాదు. నెలలు నిండినవాళ్లు ముందుగానే పుట్టిళ్లకు పోయేవారు. ఎవరైనా చనిపోతే, సమాధుల తోట పెద్దూరి వైపు ఉంది కాబట్టి, గెడ్డ తగ్గేదాకా పాస్టరు గారూ, శవప్పెట్టే అవతలి గట్టునే ఆగిపోవాల్సి వచ్చేది. ఏటా ఒకటో రెండో ఇళ్లకు తాళాలు పడేవి.

ఆ వార్డు ఒకసారి ఆడవాళ్లకు కేటాయించారు. అత్త నిలబడింది. గుర్తు స్టూలు వచ్చింది. మరొకరైతే కాగితం మీద బొమ్మ చూపించి ఓటడిగేవారు. అత్త వంటింట్లో స్టూలే చంకలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, గుమ్మం ముందు వేసుకుని కూర్చుని మాట్లాడింది. ఆవిడ లేవాలంటే ఓటేస్తామని ఒప్పుకోక తప్పదని మావయ్య అనేవాడు. గెలిచింది. ఆవిడ అందరికీ చెప్పింది ఒక్కటే మాట. "వంతెన ఏయిత్తాను. వంతెన పడితే ఇంకెవులూ ఇంటికి తాళమెయ్యరు."

పద్ధతి ప్రకారం గెలిచేది భార్య, మీటింగుకి వెళ్లేది భర్త. మొదటి మీటింగుకి మావయ్య ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. అత్త లోపలికొచ్చి ఎదురుగా నిలబడింది. "లెగండి. అది మెంబరు కుర్సీ."

"నాను మెంబరు మొగుణ్ని కాదేటే?" అన్నాడు మావయ్య.

"అయితే ఆ మూల కుర్సీలో కూకోండి. అది మొగుళ్ల కుర్సీ."

ఆఫీసంతా నవ్వింది. మావయ్యా నవ్వి లేచాడు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని, షిఫ్టులతో సతమతమయ్యే మనిషి. మీటింగులు తప్పాయని లోలోపల సంతోషించాడనే నా అనుమానం.

వంతెన సంగతి మండలం దాకా వెళ్లింది. ఒక ఎండాకాలం చూడటానికి ఇంజనీరు గారు వస్తారని కబురొచ్చింది. ఇక్కడే మా వాళ్లు, తాము మాత్రమే చేయగల పని చేశారు. ఎండాకాలంలో ఎండిపోయిన గెడ్డే శివారుకి పెళ్లి పందిరి, అదే పంచాయితీ తీర్చే చోటు, అదే పిల్లల ఆటస్థలం. రెండు గట్ల మీదా కానుగ చెట్లు వంగి ఉండేవి. మెత్తటి ఇసక మీద చల్లటి నీడ పడేది. ఇంత పెద్ద మనిషి వస్తుంటే ఎక్కడ కూర్చోబెడతారు మరి? ముందు రోజు ఆడవాళ్లంతా గెడ్డ ఊడ్చారు. నీళ్లు చల్లారు. ఎవరో ముగ్గు కూడా వేశారు. పెద్దూరి నుంచి షామియానా తెచ్చి గెడ్డ నడిమధ్యన కట్టారు. కోడికూర, గారెలు, మామిడికాయ పప్పు, తాటి ముంజలు. జీపు గట్టు దిగి ఏ ఇబ్బందీ లేకుండా షామియానా పక్కకొచ్చి ఆగింది. ఆయన మంచాయన. అన్నీ మారు వడ్డించుకుని తిన్నారు. చెయ్యి కడుక్కుని, చెట్లకేసి చూసి, "చాలా చల్లగా ఉందండీ ఇక్కడ. ఇంతకీ గెడ్డ ఎక్కడ?" అన్నారు.

"తమరు కూకున్నదే గెడ్డండి" అంది అత్త.

ఆయన హాస్యమనుకుని గట్టిగా నవ్వారు. మా వాళ్లూ మర్యాదకు నవ్వారు. తరవాత తెలిసింది, వాహనాలు సులువుగానే వెళ్తున్నాయి, ఇప్పట్లో అవసరం లేదు అని రాశారట. సర్పంచి అత్తని ఆ ఏడాదంతా ఏడిపించాడు. "ఏటి మెంబరమ్మా, గెడ్డలో కోడి వండిపెడితే వంతెనెవుడిత్తాడు?" మావయ్య కూడా వదల్లేదు. "ముక్కలు కాసిన్ని తగ్గించి ఏసుంటే బాగా రాసుండీవోడే" అనేవాడు. అత్త వాళ్లతో పాటు నవ్వేది. ఆ తర్వాత కాసేపటికి పెరట్లో ఒక్కతే గిన్నెలు తోముతూ కనిపించేది. తోమినవే మళ్లీ తోమేది.

ఆ ఏడే వానలు మొదలయ్యాక అత్త ప్రతి సోమవారం మండలం ఆఫీసుకి వెళ్లి, ఇంజనీరు గారి గది ముందు బెంచీ మీద కూర్చునేది. "మల్లీ రండి బాబూ. ఈపాలి అన్నం ఎట్టను. గెడ్డనే సూపిత్తాను" అందట. ఆయనకు నవ్వొచ్చిందో, సిగ్గేసిందో, భాద్రపదంలో ఒక రోజు నిజంగానే వచ్చారు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. గెడ్డ ఎర్రగా, ఒడ్డు కోసుకుంటూ పోతోంది. ఇంజనీరు గారు అవతలి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఇవతల మేం. నీళ్ల హోరుకి మాట దాటదు. అత్తకి ఆ వారం జ్వరమొచ్చి గొంతు పూర్తిగా పోయింది. నా భుజం మీద ఒక్క తోపు తోసింది. "అమ్మీ, నువ్వరువు" అంది గుసగుసగా.

"నేనా? నాకు రాదు అత్తా."

"అన్ని పుస్తకాలు సదివినావు, ఒక్క ముక్క అరవనేవా?"

"సార్!" అన్నాను. అది నాకే సరిగా వినపడలేదు. మళ్లీ అన్నాను. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. లోతెంత అని అడిగినట్టు చేత్తో సైగ చేశారు. నేను మోకాలి దగ్గరా, నడుం దగ్గరా చెయ్యి పెట్టి చూపిస్తూ తికమకపడుతున్నాను. అత్త చూసింది, చూసింది. ఇక నాతో లాభం లేదనుకున్నట్టుంది. చీర కుచ్చిళ్లు దోపుకుని, గట్టు మీది కానుగ వేరు పట్టుకుని నీళ్లలోకి దిగేసింది. నడుం దాకా వచ్చింది. ఇంకో అడుగేసింది. ఛాతీ దాకా వచ్చింది. జ్వరపు మనిషి. వేరు ఆవిడ చేతిలో సాగుతోంది. పైట నీళ్ల మీద పరుచుకుని కిందికి లాగుతోంది. అప్పుడు నా నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. "అత్తా, వచ్చెయ్! అత్తా!" అది నా గొంతని నేను ఈరోజుకీ నమ్మలేను. అవతలి గట్టు నుంచి ఇంజనీరు గారు గొడుగు వదిలేసి అంతకంటే గట్టిగా అరిచారు. "చాలమ్మా, చాలు! రాసుకుంటాను! ముందు ఆవిణ్ని పైకి లాగండి!"

మావయ్య, పక్కింటాయన కలిసి పైకి లాగారు. వణుకుతూ గట్టు మీద కూర్చుని అత్త నావైపు చూసింది. "ఉన్నాదే నోరు" అంది.

మరుసటి ఎండాకాలానికి వంతెన పడింది. పెద్ద వంతెనేం కాదు, కింద తూములు, పైన సిమెంటు దారి, రెండు పక్కలా మోకాలెత్తు గోడ. సర్పంచి రిబ్బను కత్తిరించాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అత్త పదవీకాలం అయిపోవడానికి కొద్ది నెలలే ఉన్నాయి. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఆవిడ వంతెన మీద అటూ ఇటూ ఊరికే తిరిగింది, కొత్తగా కట్టుకున్న ఇంట్లో తిరిగినట్టు.

ఆ వానాకాలం పిల్లలు పొడి కాళ్లతో బడికెళ్లారు. ఒకమ్మాయికి నొప్పులొస్తే ఆటో గుమ్మంలోకే వచ్చి తీసుకెళ్లింది. ఆటో తర్వాత వ్యాను కూడా వచ్చింది. వంతెన మీద మొదటిసారి నిండా బరువుతో వెళ్లిన బండి అత్త పక్కింటి వాళ్లది. బీరువా, మంచాలు, కుట్టుమిషను, పైన కట్టేసిన కోళ్ల గంప. పెందుర్తిలో కొత్త కాలనీలో ఇల్లు దొరికిందట. ఆ ఇంటావిడ అత్త చేతులు పట్టుకుంది. "ఇన్నాల్లూ సామాను గెడ్డ దాటించనేకే ఉండిపోనాం మెంబరమ్మా. నీ పున్నెమా అని ఎల్తన్నాం."

నిజంగా కృతజ్ఞతతోనే అంది. అత్త "మంచిదే" అంది. వ్యాను గట్టెక్కేటప్పుడు చక్రం జారితే, అందరితో పాటు తనూ వెనక నుంచి తోసింది.

ఆ తర్వాత ఒక్కొక్కరే. పిల్లల కాలేజీ అని ఒకరు, షిఫ్టు దూరమని ఒకరు. ఇటు వ్యాన్లు వెళ్తుంటే అటు నుంచి కార్లు రావడం మొదలైంది. దిగినవాళ్లు కొండ బాగుందనేవారు, గాలి బాగుందనేవారు. కొద్దికాలానికి జీడితోటలో ప్లాట్లు కొలిచి తెల్ల రంగు రాళ్లు పాతారు. ఈ మండలాన్ని సిటీలో కలుపుతారని కొందరు, కలపరని కొందరు అనుకుంటూ ఉండగానే, శివారులో దీపం వెలిగే ఇళ్లు తగ్గిపోయాయి. చివరికి మావయ్య నడుము నొప్పికి రోజూ అంత దూరం డ్యూటీకి వెళ్లలేక అత్తావాళ్లూ పెందుర్తి వచ్చేశారు. సామాను వ్యానులో ముందు సీట్లో అత్తకీ డ్రైవరుకీ మధ్య నేను కూర్చున్నాను. వంతెన మీద అత్త ఏమన్నా అంటుందని చూశాను. ఎప్పుడూ ఇద్దరి మాటలూ మాట్లాడే మనిషి, ఆ కాస్త దూరం ఒక్కరి మాట కూడా మాట్లాడలేదు.

ఈ ఆదివారం చర్చి అయ్యాక పెందుర్తి వెళ్లాను. రెండో అంతస్తు. బాల్కనీలో అత్త చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎన్నాళ్లుగానో అడగాలనుకుని అడగలేకపోయిన మాట అప్పుడు అడిగాను. "అత్తా, ఆ వంతెన పడకపోతే అందరూ అక్కడే ఉండేవారా?"

కోప్పడుతుందనుకున్నాను. చేతిలో కాయ తుంచుతూనే చెప్పింది. "ఉండీవోరు. ఆ పిల్లలు తడుసుకుంటా ఉండీవోరు. రెండూ మనకి నచ్చినట్టు అవ్వవే అమ్మీ." ఇంకో కాయ అందుకుని, "నానైతే మల్లీ ఏయిత్తాను" అంది.

నేను అత్త అంత గట్టిదాన్ని కాదు. వాన పడితే చాలు, ఆ కానుగ నీడా, ఆ ఇసకా, ఆ గడపలన్నీ నిండుగా ఉన్న రోజులూ తిరిగి రావాలనిపిస్తుంది. ఆ రోజులు తిరిగి రావాలంటే ఎవరి పిల్లలో మళ్లీ ఆ ఎర్రనీళ్ల గట్టున ఆగిపోవాలి. అది తెలుసు. తెలిసీ, పోయిన కాలాన్ని రమ్మని పిలుస్తూనే ఉన్నాను, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.