శనివారపు ఒక్కపొద్దు

మొన్న శనివారం మహబూబాబాద్‌లో మా బడి స్టాఫ్‌రూములో, కొత్తగా చేరిన టీచరమ్మ ఉప్మా డబ్బా నా వైపు జరుపుతూ "ఒక్కపొద్దున్నవా అక్కా?" అని అడిగింది. లేదని రెండు చెంచాలు తిన్నాను గానీ, ఆ ప్రశ్నకు ఒకప్పుడు నా దగ్గర వేరే జవాబు ఉండేది.

ముప్పై నిండకుండానే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. మన ఈడువాళ్లకు ఫోనే పొద్దున్నే పాత ఫొటోలు చూపిస్తోంది, నేను రాస్తే వచ్చిందా తప్పు?

బీఎడ్ రోజుల్లో నాకొకతను ఉండేవాడు. భూపాలపల్లి. సర్కారు కొలువుకు పరీక్షలు రాసేవాడు. అతనికి కొలువు వచ్చేదాకా శనివారాలు పగలంతా పస్తుండి చీకటి పడ్డాకే తింటానని జనగామలో మా ఇంటి దేవుడి ముందు మొక్కుకున్నాను. రెండేళ్లకు నాలో ప్రేమ అయిపోయింది, మొక్కు మిగిలింది. కులం గొడవ లేదు, అతను తాగడు, తిట్టడు, ఫోనెత్తకపోయినా అలగడు. వదిలేయడానికి కనీసం ఒక్క దుర్గుణమైనా ఇవ్వలేదు మహానుభావుడు. జనగామ బస్టాండులో ఇక వద్దని చెబితే, "నేనేం తప్పు జేసిన, జర చెప్పరాదూ?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "మరి ఎట్ల దిద్దుకోవాలె?" అన్నాడు. బస్సొచ్చిందన్నాను. మా ఇల్లు ఆ ఊళ్లోనే, పోవాల్సిన చోటేమీ లేదు. అయినా ఎక్కి రఘునాథపల్లికి టికెట్టు తీసుకున్నాను. ఏడుపు రాలేదు. కిటికీ సీటు మాత్రం దొరికింది.

మొక్కులో "మా పెళ్లయ్యేదాకా" అని ఉంటే ఆ రోజుతో తీరిపోయేది. మానేస్తే, అతని కొలువు కూడా నా చేతుల్లోనే పోతుందనిపించింది. మనిషిని వదిలి ఏడాదిన్నర అతని కోసం పస్తులున్నాను. మా అవ్వేమో నన్ను చూడడానికి వచ్చిన సంబంధం వాళ్ల ముందు, "మా పోరికి దేవుడంటె పానం" అని మురిసేది.

ఒక శనివారం మధ్యాహ్నం భూపాలపల్లి నుంచి నా దోస్తు ఫోన్ చేసింది. మాటల్లో అతని కొలువు సంగతి అడిగాను. "నీకెర్కలేదా? మీరు విడిపోయిన రెండు నెలలకే వచ్చింది. పెండ్లి గూడ అయింది. జర లావైండు."

వంటింట్లోకి పోయి అన్నంలో పచ్చిపులుసు పోసుకున్నాను. అవ్వ చూసింది.

"ఇయ్యాల శనివారం గాదె?"

"మొక్కు తీరిందవ్వా."

"ఏమని మొక్కినవే?"

"ఒకాయన మంచిగుండాలని."

"ఉన్నడా?"

"మంచిగనే ఉన్నడు."

అవ్వ పెరుగు గిన్నె తెచ్చి, "అయితె పెరుగు గూడ ఏసుకో" అంది.

సంతోషించాలి, కుదరలేదు. బాధా కలగలేదు. నా ఆకలి మీద ఒక మనిషి బతుకు నిలబడిందని అన్నాళ్లూ నమ్మాను. అతనేమో నేను లేకుండానే, నా పస్తుతో పని లేకుండానే, హాయిగా నిలబడ్డాడు. ఇప్పుడు శనివారాలు అందరిలాగే తింటాను, అరుగుతుంది. అప్పట్లో అతన్ని ఊరికే వదిలేసిన తప్పుకు పస్తుండడానికి వారానికొక రోజు ఉండేది. తప్పు ఇంకా ఉంది, రోజే లేదు.