బాపు నిద్ర, నా సముద్రం

మా చిన్నప్పుడు... బాపుకు నైట్ షిఫ్టు పడిన వారం మా క్వార్టర్‌లో మిట్టమధ్యాహ్నమే అర్ధరాత్రి. కిటికీకి దుప్పటి కట్టేసి, కుక్కర్ పని పొద్దున్నే ముగించేసి, అవ్వ నోటి మీద వేలు పెట్టుకుని తిరిగేది. (మా గోదావరిఖని వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం లెండి.) గుమ్మం ముందు డ్యూటీ బూట్లు కనిపిస్తే కూరగాయలామె కూడా మా లైన్‌లో కేక వెయ్యకుండా వెళ్లిపోయేది.

బాపు బొగ్గు బాయిలో, అంటే గనిలో, దిగే మనిషి. పగలు నిద్ర చాలకపోతే రాత్రి లోపల కునుకు పడుతుంది... అక్కడ కునుకు పడితే ఏమవుతుందో మాకెవరూ విడమరచి చెప్పలేదు. ఎదురింటి కాకదీ అదే బాయి, కుంటుతూ నడిచేవాడు. ఆయన్ని చూపించి "నిద్రలేకనే గట్లయింది" అనేది అవ్వ. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రోజు నుంచి బాపు ఆవులిస్తే చాలు, నాకు కాక కాలే కనిపించేది.

మరి చప్పుడు రాని ఆట ఏముంటుంది చెప్పండి? అందుకే అవ్వ చౌరస్తా నుంచి నీళ్ల రంగుల డబ్బా తెచ్చిచ్చింది. పన్నెండు బిళ్లలు, ఒక కుంచె. నేను కుంచె పట్టింది అలాగ... నా నోరు మూయించడానికి!

మా గోడ మీది క్యాలెండర్‌లో సముద్రం ఉండేది. దాన్నే చూసి వేసేదాన్ని. తడి కాగితం మీద నీలం దానంతటదే పరుచుకుంటూ పోతుంటే... అబ్బ, ఆ కాసేపు మాత్రం నాకు ఏ భయమూ ఉండేది కాదు.

ఒకరోజు కుంచె కడుక్కునే స్టీలు గ్లాసుకు మోచెయ్యి తగిలింది. ఠంగ్... ఠంగ్... బండల మీద దొర్లుకుంటూ సరిగ్గా మంచం కిందికే పోయింది, దాని నోట్లో మన్ను పడ! అవ్వ బయట నల్లా దగ్గరుంది. బాపు లేచి కూర్చున్నాడు.

వీపు చిట్లుతుందనుకున్నా. ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"ఏందే గిది?"

"సముద్రం బాపూ."

"గింత నీలం ఉండది బిడ్డా. లగ్గం కాకముందు ఇశాకపట్నం పోయి చూసిన. ఒడ్డు కాడ మట్టి కలర్ ఉంటది. మరి నురుగేది?"

"తెల్లది ఐపోయింది."

"కాయిదం తెల్లగనే ఉన్నది గదనే! గక్కడ ముట్టకుండ ఇడ్శిపెట్టు."

నిజమే! మా డ్రాయింగ్ సారు కూడా చెప్పని సంగతి. ఆ తర్వాత కుంచె తనే తీసుకుని పడవ మొదలుపెట్టాడు. వేళ్ల మీద బొగ్గు గీరుకుని చర్మంలోనే ఉండిపోయిన నీలి మచ్చలు... ఆ చేతిలో కుంచె అగ్గిపుల్లంత కనిపించింది. బాపు నాతో అంతసేపు కూర్చోవడం అదే మొదటిసారి. షిఫ్టుల మధ్య మనిషి అసలు దొరికితే కదా!

సంతోషపడాలి కదండీ? నా చూపంతా గడియారం మీదే. పన్నెండున్నర... ఒంటిగంట...

"బాపూ, పండుకో."

"పండుకుంట గని, గీ పడవ కానీ."

"వద్దు బాపూ... పో..." అని ఏడుపు గొంతుతో ఆయన్ని తోసేశాను. నవ్వుకుంటూ లేచాడు. కానీ నిద్ర మళ్లీ పట్టలేదు. మంచం మీద అటూ ఇటూ దొర్లుతుంటే నాకు వినిపిస్తూనే ఉంది.

సాయంత్రం అన్నం తింటూ ఆవులించాడు. ఒకసారి కాదు, ఐదుసార్లు. నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. దేవుడి గూటి ముందు నిలబడి, "సమ్మక్క తల్లీ, బాపు మంచిగ ఇంటికొస్తే మళ్ల రంగులు ముట్ట" అని మొక్కుకున్నాను. పెద్దవాళ్లయితే తల్లికి ఎత్తు బెల్లం, అంటే తమ బరువంత బెల్లం, మొక్కుతారు. నా దగ్గరున్నది ఆ డబ్బా ఒక్కటే.

మర్నాడు పొద్దున... ఏడున్నరకల్లా రావాల్సిన మనిషి ఎనిమిదైనా రాలేదు. లైన్‌లో అందరి సైకిళ్లూ వచ్చేశాయి. ఎనిమిదిన్నర. అవ్వ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది, ఊడ్వడం లేదు. నాకు ఒకటే తోచింది... సమ్మక్క తల్లి నా మాట నమ్మడం లేదు! మొక్కు ముందే చెల్లించెయ్యాలి! డబ్బా పట్టుకుని ఉరికి, పక్క క్వార్టర్ షాహీన్ చేతిలో పెట్టేశాను.

"సచ్చీ? మళ్ల అడగవు గద?" అంది షాహీన్.

"అడగ."

వెనక్కి తిరిగితే... లైన్ చివర బాపు! తాపీగా నడుచుకుంటూ వస్తున్నాడు.

"క్యాంటీన్ల చాయ్ తాగుదామని కూసున్న... గట్లనే బల్ల మీద నిద్ర పట్టింది" అన్నాడు. అవ్వ తిట్టిన తిట్లు లైనంతా విన్నది. నేను మాత్రం బాత్రూమ్‌లో దూరి వెక్కి వెక్కి ఏడ్చాను. తల్లి నా మొక్కు అందుకుంది. ఇక ఇచ్చింది ఇచ్చిందే.

ఆ మధ్యాహ్నం కదలకుండా కూర్చున్నా. ఇంట్లో ఏ చప్పుడూ లేదు. అయినా పన్నెండింటికి బాపు తనంతట తనే లేచి వచ్చాడు.

"బొమ్మ తియ్యే. పడవ సగంల ఉన్నది."

"రంగులు లేవు. షాహీన్‌కు ఇచ్చేసిన. నాకు ఇసుగొచ్చింది."

"గట్లనా..." అని వెళ్లి పడుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ మధ్యలో లేచి రాలేదు.

బాపు రిటైరై చాలా కాలమైంది. తల్లి దయ, ఒంటి మీద గీత పడకుండా బయటికొచ్చాడు. ఇప్పుడు మధ్యాహ్నం పూట మా ఇంట్లో టీవీ మోగుతుంది, కుక్కర్ కూస్తుంది, ఎవరూ నోటి మీద వేలు పెట్టుకోరు. మొన్న నా కూతురు రంగులు వేసుకుంటుంటే బాపు దాని పక్కన చేరాడు.

"మీ అమ్మ గూడ సముద్రం ఏస్తుండె బిడ్డా. జల్ది ఇసుగొచ్చింది దానికి. ఓపిక లేదు" అన్నాడు.

"అవు బాపూ... నాకు ఓపికెక్కడిది" అన్నాను.

మీరూ ఎవరి నిద్ర కోసమో, ఎవరి డ్యూటీ కోసమో ఏదో ఒకటి మానుకునే ఉంటారు. ఇంట్లో చెప్పలేనిదైతే ఇక్కడ కామెంట్‌లో చెప్పండి... మా బాపు ఫోన్‌లో ఇవేవీ చూడడు.