సంచులైన పేటియా

హాస్టలుకు చీర కట్టుకుని రమ్మని కూతురు రజిత అడిగిన నాడే కొత్తగూడ తండా కాళి తన పేటియాను, అంటే అద్దాలు కుట్టిన లంబాడీ లంగాను, పెట్టెలో దాచేసింది. తర్వాత కుట్టుపని నేర్పే సంస్థవాళ్లు పాత గుడ్డలతో సంచులు కుట్టమంటే దాన్నే కత్తిరించింది. భలే ఉన్నాయన్నారు.

ఈరోజు ఆ సంచులు అమ్మే ప్రదర్శనకు చీరలో వచ్చిన కాళిని చూసి సంస్థ మేడం మొహం చిట్లించింది. "పేటియా వేసుకుంటేనే కదా కాళీ, ఇది లంబాడీ పనని జనం నమ్మేది? లేదంటే వెనక కూర్చో."

వేసుకుంటే బిడ్డకు నామోషీ, వేసుకోకుంటే మేడానికి. కాళి బల్ల మీది సంచుల వైపు చెయ్యి చూపింది.

"గా సంచులే నా పేటియా, మేడం. గిప్పుడు ఏం తొడుక్కుంటే లంబాడీనైత, జర మీరే చెప్పున్రి."

ఒకామె సంచి కొనుక్కుని వెళ్తుంటే, ఆపాలో వద్దో తేలక కాళి అట్లాగే నిలబడింది.