బాబా మంచుబండి, నా పాత బోల్టులు

ఆ రోజుల్లో అరబ్బు దేశపు తబూక్‌లో మాకు దొరకని వస్తువు ఏదైనా ఉందంటే అది కొత్త బోల్టే. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, యుద్ధం నడిచిన ఆ నెలల్లో ఆకాశంలోంచి ఏం వచ్చి పడుతుందోనన్న భయం కంటే, ట్రాక్టరు ఆగిపోతే సామాను ఎక్కడినుంచి తేవాలన్న దిగులే నాకు ఎక్కువగా ఉండేది. (అలాగని భయం లేదని కాదు. విషవాయువు లోపలికి రాకుండా గది కిటికీకి అంటించిన టేపు ఊడిందేమోనని రోజుకు నాలుగుసార్లు తడిమి చూసుకునేవాణ్ణి.) ఓడలు రావడం లేదు, దుకాణాల్లో సరుకు లేదు, ఎవరినడిగినా ఒకటే మాట. కోరుట్ల దగ్గర ట్రాక్టర్ల షెడ్డులో పని నేర్చుకుని, ఇరవై రెండేళ్ళకే ఆ గోధుమ పొలాల మధ్యకు మెకానిక్కుగా వచ్చిపడ్డ నాకు ఆ కరువే పేరు తెచ్చిపెట్టింది. విప్పిన ప్రతి బోల్టునూ డీజిల్లో కడిగి, తీగ బ్రష్షుతో తోమి, ఒక చుక్క నూనె వేసి మళ్ళీ బిగించేవాణ్ణి. చెడిపోయిన పంపు బోల్టు ట్రాక్టరుకు, ట్రాక్టరు బోల్టు ట్రాలీకి. యుద్ధం ముగిసేవరకూ పొలంలో ఒక్క బండీ ఆగలేదు. అందరూ నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'బోల్టు' అనడం మొదలుపెట్టారు. నేను కూడా ఆ పేరుకు సిగ్గుపడకుండా మీసం తిప్పాను. (మీసం ఇంకా సరిగ్గా రాలేదు, అది వేరే సంగతి.)

మా కఫీలు, అంటే మమ్మల్ని వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని, అరవై దాటిన భారీ మనిషి. పనివాళ్ళమంతా ఆయన్ని బాబా అనే పిలిచేవాళ్ళం. కోపం వస్తే ఆయన గొంతు పొలం ఆ చివరి వరకూ వినిపించేది, ఆ కోపం అంత తొందరగానూ పోయేది. ఆయనకున్న ఒకే ఒక బలహీనత వేలం పాట. యుద్ధం అయ్యాక ఎవరెవరో వదిలేసి వెళ్ళిన సామాను గుట్టలు గుట్టలుగా వేలానికి వచ్చింది. ఒకరోజు బాబా జనరేటర్లు కొనుక్కొస్తానని వెళ్ళి, జనరేటర్లతో పాటు ఒక వింత యంత్రాన్ని లారీలో వేసుకొచ్చాడు. ముందు చక్రాలకు బదులు వంపు తిరిగిన రెండు పట్టీలు, వెనక వెడల్పాటి రబ్బరు గొలుసు, మోటారు సైకిలుకు ఉన్నట్టు హ్యాండిలు. మా పొలం పికప్పు నడిపే మా మేనబావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి తేల్చేశాడు. "ఇది నీళ్లల్ల నడిచేదిరా బామ్మర్ది. కింద పట్టీలు జూడు, పడవ లెక్కనే ఉన్నయ్." అది మంచు మీద నడిచే బండి అని బాబా చెప్పినప్పుడు మేమిద్దరం చుట్టూ ఉన్న ఇసుక వైపు చూసి, మర్యాద కోసం తల ఊపాం.

నిజానికి తబూక్ దగ్గర లౌజ్ కొండ మీద కొన్ని చలికాలాల్లో ఒకటి రెండు రోజులు మంచు పడుతుంది. ఆ ఒకటి రెండు రోజుల కోసమే బాబా ఆ బండి కొన్నాడు. చలిదేశంలో చదువుకుంటున్న మేనల్లుడికి చెప్పి ఒక కొత్త బెల్టు, చిన్న పొట్లంలో ఆరు కొత్త బోల్టులు తెప్పించాడు. ఇంజనుకు ఒక క్లచ్, వెనక గొలుసును తిప్పడానికి రెండో క్లచ్, రెంటికీ మధ్య ఆ బెల్టు. రెండో క్లచ్ విప్పి శుభ్రం చేసి బెల్టు మార్చడం నా పని. దాన్ని కలిపి పట్టుకునేవి అలాంటి ఆరు బోల్టులే. బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మలున్నాయి. ఒక బొమ్మలో పాత బోల్టు మీద పెద్ద ఇంటూ గుర్తు కొట్టి, పక్కన కొత్త బోల్టు చూపించారు. చదువు రానివాడికైనా అర్థమయ్యే బొమ్మ. నాకూ అర్థమైంది. కానీ ఇది బోల్టులు కరువులేని వాళ్ళు రాసుకున్న పుస్తకం, యుద్ధంలో పొలం నడిపిన మనకు వీళ్ళా చెప్పేదనుకున్నాను. పాత వాటి మరలకు నీలంగా ఏదో గట్టిపడి ఉంటే గంటసేపు కూర్చుని గీకి, తళతళలాడేలా తోమి, అలవాటు ప్రకారం చుక్క నూనె వేసి బిగించేశాను. కొత్త వాటికి కూడా ఆ నీలం పూతే ఉంది. తుప్పు పట్టకుండా రంగు వేశారు కాబోలు, ఎంత ముచ్చటగా ఉన్నాయో అనుకుని, ఎప్పుడైనా పనికొస్తాయని నా రేకు డబ్బాలో దాచాను.

జనవరిలో ఒక ఉదయం కొండ మీద మంచు పడిందని కబురొచ్చింది. బాబా కొత్త పెళ్ళికొడుకులా ముస్తాబై, గొర్రెతోలు కోటు వేసుకుని, బండిని లారీకెక్కించుకుని కొడుకులతో బయల్దేరాడు. నేను షెడ్డులో టీ పెట్టి, మాతో పనిచేసే పెద్ద మెకానిక్కు, పెషావర్ చాచాకు నా తెలివి చూపిద్దామని రేకు డబ్బా మూత తీశాను. చాచా ఒక బోల్టును వెలుతురులో తిప్పి చూసి, టీ గ్లాసు కింద పెట్టాడు. "యే బాహర్ క్యోఁ హై?" ఇది బయటెందుకు ఉందని అడిగాడు. పాతవే మంచిగా ఉన్నాయని గర్వంగా చెప్పాను. నీలం గీకేసి నూనె వేశానని ఇంకా గర్వంగా చెప్పాను. చాచా తలపట్టుకున్నాడు. "అరే పాగల్, వో గోంద్ హై, గోంద్!" అది రంగు కాదట, జిగురు. అంత వేగంగా తిరిగే క్లచ్‌లో బోల్టు దానంతటది విడిపోకుండా పట్టుకునేది అదేనట. ఒకసారి విప్పితే దాని పని అయిపోతుంది కాబట్టే కొత్తవి వేయమంటారట. అది గీకేసి పైగా నూనె పోస్తే బోల్టులు తిరిగి తిరిగి బయటికొస్తాయి, క్లచ్ ముక్కలై ఎగిరితే మీద కూర్చున్నవాడి కాళ్ళు మిగలవు, అన్నాడు.

నేను పరుగెత్తాను. బయట మా బావ పికప్పు కడుగుతున్నాడు.

"ఏమైందిరా, గట్ల ఉరుకుతున్నవ్?"

"బండి తియ్ బావా! బాబా సచ్చిపోతడు!"

"పొద్దుగాల మంచిగనే ఉండె గదరా!"

"బోల్టులు ఊడిపోతయ్ బావా!"

"ఎవలియి? బాబాయా?"

కొండకు రెండు గంటల దారి. ఊరు ఊరంతా మంచు చూడ్డానికి బయల్దేరినట్టుంది, ముందూ వెనకా జీపులే. దారిలో విషయం అంతా విన్న బావ పికప్పు కిటికీ అద్దం పైకెత్తాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నిజం జెప్పకు. జెప్తే పాసుపోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి తోలుతడు. బెల్టు ఒదులైందని జెప్పి బండి ఆపు. ఆయనకేం దెలుస్తది?" ఆ మాట నాకు ఎంత తియ్యగా వినిపించిందో దాచుకోకుండా చెబుతున్నాను. ఆ రెండు గంటల్లో సగంసేపు బాబా కోసం ఏడ్చాను, సగంసేపు నా వీసా కోసం ఏడ్చాను. మధ్యలో ఎవరికైనా మొక్కుకుందామంటే ఏ దేవుడికి మంచుబండి గురించి తెలుసో తోచలేదు.

కొండ మీద జీవితంలో మొదటిసారి మంచు చూశాను. చూశాననడం కూడా అబద్ధం, దాని మీద రబ్బరు చెప్పులతో పరుగెత్తాను. జనం మంటలు వేసుకుని టీ కాచుకుంటున్నారు. దూరంగా తెల్లటి వాలు మీద బాబా బండి గుండ్రంగా తిరుగుతోంది, కొడుకులు చప్పట్లు కొడుతున్నారు. "వగ్గిఫ్! వగ్గిఫ్ బాబా!" ఆపమని అరుస్తూ చేతులు ఊపాను. ఆయన నేను కూడా సంబరపడుతున్నానని అనుకుని, ఒక చెయ్యి ఎత్తి ఊపి వేగం పెంచాడు. ఒక చెప్పు మంచులో దిగబడిపోయింది, రెండోది ఎక్కడ పోయిందో తెలియదు. చివరికి ఆయన వచ్చే దారికి అడ్డంగా వెళ్ళి, చేతులు చాపి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. బండి నా మోకాళ్ళకు బెత్తెడు దూరంలో ఆగింది.

బెల్టు మాట చెబుదామనే నోరు తెరిచాను. కానీ చలికి ఎర్రబడ్డ ఆ ముఖంలో చిన్నపిల్లాడి సంతోషం కనిపించింది. నా నోట్లోంచి వచ్చింది వేరు. "బాబా, లోపల పాతవి. కొత్తవి నా దగ్గర," అని వచ్చీరాని అరబ్బీలో చెప్పి, క్లచ్ మీది మూత తెరిచాను. ఆరు బోల్టుల్లో రెండే గట్టిగా ఉన్నాయి. మూడు వేలితో తిప్పితే తిరిగాయి. ఆరోది దాని చోట లేదు, మూత అడుగున పడి ఉంది. వేడిగా ఉన్న దాన్ని తీసి బాబా అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తవి ఏవీ?" అని అడిగాడు.

జేబులో చెయ్యి పెట్టాను. రేకు డబ్బా షెడ్డులో, టీ గ్లాసు పక్కనే ఉంది. రెండు గంటలు ప్రయాణం చేసి వాటిని తేవడం ఒక్కటీ మరిచిపోయాను. (బావ ఆ క్షణంలో నేనెవరో ఎరగనట్టు కొండ శిఖరం వైపు తిరిగి నిలబడ్డాడు.) బాబా మొదలుపెట్టాడు. నన్ను, నా డబ్బాను, నా తోముడును, నాకు పని నేర్పినవాణ్ణి కలిపి తిట్టాడు. మంచు మీద చలికాచుకుంటున్న వాళ్ళంతా లేచి చూశారు. తిడుతూ తిడుతూ నా కాళ్ళ వైపు చూసి ఆగిపోయాడు. ఉత్త కాళ్ళు, ఎర్రగా కమిలి ఉన్నాయి. నన్ను ఆ బండి సీటు మీదే కూర్చోబెట్టి, తన గొర్రెతోలు కోటు విప్పి నా కాళ్ళకు చుట్టి, కొడుకుతో కాఫీ తెప్పించి, మళ్ళీ తిట్లు అందుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గుతో అనుకున్నారందరూ. కాదు, ఆయన రెండు కాళ్ళ మీద నిలబడి తిడుతున్నాడు, అందుకు.

ఆ సాయంత్రం బండిని తాళ్ళు కట్టి లారీ ఎక్కించారు. మర్నాడు షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని, ఆరు కొత్త బోల్టులనూ బాబా దగ్గరుండి బిగించాడు, అంటే నాతో బిగింపించాడు. అప్పటికి కొండ మీద మంచు కరిగిపోయింది. తర్వాత మరి పదకొండేళ్ళు నేను అక్కడే ఉన్నాను. మంచు పడిన ఏడాది ఆయన ఊళ్ళో లేడు, ఆయన ఉన్న ఏడాది మేము కొండ ఎక్కేలోపే మంచు కరిగిపోయింది. ఆ బండి నడిచింది మొత్తం మీద ఆ పది నిమిషాలే.

ఆ కోపం మాత్రం ఆయనకు తగ్గలేదు. చలికాలం వచ్చిందంటే చాలు, ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిపించి, "నా మంచు పాడుచేసినవాడు వీడే," అని మొదటినుంచీ కథంతా చెప్పి, ప్రతి ఏడూ ఒక కొత్త తిట్టు కలిపి తిట్టేవాడు. నేను చేతులు కట్టుకుని, తల వంచుకుని వినేవాణ్ణి. పాపం, ఇంత మంచివాణ్ణి ఎందుకలా తిడతారని ఒక అతిథి అడిగాడు కూడా. ఆయనకేం తెలుసు? ఏడాదికోసారి ఆ గొంతు అంత గట్టిగా వినిపిస్తే, నాకు మళ్ళీ ఏడాది వరకూ హాయిగా నిద్రపట్టేది.